కుట్లాయన పూలగుత్తులు

మా బావకి పువ్వులంటే రోత. ఇష్టం లేకపోవడం వేరు, రోత వేరు. ఎవరైనా గులాబీ తెచ్చి ముక్కు దగ్గర పెడితే మొహం పక్కకి తిప్పుకుని గుటకలు మింగుతాడు. అలాంటి మనిషి ఇరవై ఏళ్ళుగా ఇంట్లో కూర్చుని చేసే పని పువ్వులు చెయ్యడం. ఒక్కో పువ్వు మిరియపు గింజంత ఉంటుంది. ఇదెలా కుదిరిందో చెప్పాలంటే ముందు ఆయన ఉద్యోగం సంగతి చెప్పాలి.

మా అక్కని చేసుకునేనాటికే ఆయన పెద్దాసుపత్రిలో శవాల గదిలో పనిచేస్తున్నాడు. డాక్టరు కోసి, చూసి, రాసుకుని, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆ శరీరాన్ని మళ్ళీ మనిషిలా చేసి ఇంటివాళ్ళకి అప్పగించడం మా బావ వంతు. లోపలివి లోపల పెట్టి, కుట్టి, కడిగి, తల దువ్వి, గుడ్డ కప్పేవాడు. మిగతావాళ్ళు గోనెసంచి కుట్టినట్టు ఎడంగా నాలుగు కుట్లు వేసి వదిలేస్తే, ఈయన మంచి దర్జీ చొక్కా కుట్టినట్టు కుట్టేవాడు. చెవి వెనకనుంచి మొదలుపెట్టి జుట్టులో కలిసిపోయేలా కుడితే కుట్టు ఎక్కడుందో కన్నతల్లికి కూడా తెలిసేది కాదు. అందుకే ఆసుపత్రిలో అందరికీ ఆయన కుట్లాయన. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

పువ్వుల మీద రోత కూడా అక్కడ పుట్టిందే. పోయినవాళ్ళతో పాటు పూలు వస్తాయి. దండలు, గుత్తులు, రిబ్బను కట్టిన బుట్టలు. ఏడుస్తూ తెచ్చినవాళ్ళు శవాన్ని తీసుకెళ్తారు గానీ పూలని తీసుకెళ్ళరు. ఎండాకాలమైతే వాటికి ఒక్క పూట చాలు. కాడలు జిగురు పట్టి, రేకులు నల్లబడి, బుట్ట అడుగున గోధుమరంగు నీళ్ళు ఊరతాయి. అవన్నీ ఊడ్చి గోనెసంచుల్లో కుక్కి వెనకవైపు పారబొయ్యడం కూడా ఆయన పనే. చేత్తో పట్టుకుంటే కాడలు వేళ్ళ మధ్య చీముడులా జారేవట.

"శవం కంపు భరించొచ్చురా," అనేవాడు నాతో. "దాని తప్పేం లేదు. ఈ పూల కంపు అలా కాదు, తియ్యగా ఉంటుంది. తియ్యటి కంపుని మించిన నీచం లేదు."

నాకు పుస్తకాలు బైండింగు చేసే షాపు ఉంది. ఆసుపత్రికి రెండు వీధుల అవతల. ఆయన డ్యూటీ దిగాక అప్పుడప్పుడు వచ్చి కూర్చునేవాడు. మొదట్లో ఆయన రాకపోతేనే బాగుండునని నాకు ఉండేది. అక్క పెళ్ళయిన కొత్తలో ఒకసారి వచ్చి, దారిలో కొన్న నారింజపండు ఒలిచి, పీచు తీసి, తొనలు కాగితంలో పెట్టి నాకిచ్చాడు. తర్వాత తింటానని జేబులో వేసుకున్నాను. ఆయన అటు వెళ్ళగానే ఇటు కాలవలో పడేసి, జేబు కూడా కడుక్కున్నాను. రోతపడే విషయంలో నేను ఎవరికీ తీసిపోలేదని ముందే ఒప్పుకుంటున్నాను.

ఒక వానాకాలం సాయంత్రం ఆయన తిన్నగా షాపుకొచ్చి కూలబడ్డాడు. ఎవరో పెద్దమనిషి పోయాడట, పూలే నాలుగు సంచులయ్యాయట. నా బల్ల కింద పుస్తకాల అంచులు కోస్తే రాలిన పల్చటి కాగితం ముక్కలు ఉన్నాయి. మాట్లాడుతూనే ఒకటి తీసి గుండుసూదికి చుట్టడం మొదలుపెట్టాడు. నేను టీ తెచ్చి ఇచ్చేసరికి సూది కొన మీద గులాబీ ఉంది. ప్రతి రేకూ అంచున వెనక్కి వంగి ఉంది.

"ఇది కుళ్ళదు," అన్నాడు. సంతోషంగా అన్న మాట కాదు. ఎవరి మీదో కక్ష తీర్చుకున్నట్టు అన్నాడు.

ఆ రోజునుంచీ ఆయనకి ఈ పిచ్చి పట్టుకుంది. కాగితంతో మొదలై పిండికి వచ్చాడు. బ్రెడ్డు ముక్కల అంచులు తీసేసి, మధ్య మెత్తటి భాగంలో తెల్ల బంక వేసి, వేళ్ళకి అంటుకోనంతవరకూ పిసికేవాడు. అంచులన్నీ మా అక్క టీలో ముంచుకుని తినాల్సొచ్చేది, ఈ జన్మకి నాకు బ్రెడ్డు మధ్యభాగం రాసిపెట్టిలేదని సణిగేది. ఆ పిండిని ఆవగింజంత తీసుకుని చూపుడువేలు మీద సూది తలతో నొక్కితే రేకు వచ్చేది. కాడలకి పాత మోటార్లలోంచి తీసిన సన్నటి రాగితీగ, పుప్పొడికి రంగు కలిపిన రంపపు పొట్టు, కుండీలకి పూసలు, టూత్‌పేస్టు మూతలు. కుంచెకి ఉన్న వెంట్రుకలన్నీ కత్తిరించి మూడు మిగిల్చి దానితో ఆకుల మీద ఈనెలు గీసేవాడు. గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గర ఒక సన్నటి ట్వీజర్ కొనుక్కుని, కళ్ళజోడు పెట్టెలో గుడ్డ పరిచి దాచుకున్నాడు.

ఒక్క నియమం మాత్రం తప్పేవాడు కాదు. ఆసుపత్రినుంచి గుండుసూది కూడా ఇంటికి తెచ్చేవాడు కాదు. రాగానే చొక్కా మార్చి, ఉప్పూ నిమ్మతొక్కా వేసి మోచేతుల దాకా తోమి, గోళ్ళ సందులు పాత బ్రష్షుతో రుద్ది, అప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చునేవాడు. నిమ్మతొక్క ఎక్కువై చర్మం పగిలి మండేది. అయినా మానేవాడు కాదు.

గుత్తులు వందకి పైగా పోగయ్యాక, వీటినేం చేసుకుంటావు, చీమల పెళ్ళికి పంపిస్తావా అని అక్క వెక్కిరించింది. ఊళ్ళో బొమ్మరిళ్ళ కొట్టు ఒకటి ఉందని చెప్పింది నేనే. పిల్లల ఆటబొమ్మలు కావు. పెద్దవాళ్ళు కొని అద్దాల బీరువాల్లో దాచుకునే ఇళ్ళు. అసలు ఇంట్లో అడుగు పొడవున్నది ఆ ఇళ్ళలో ఒక అంగుళం ఉంటుంది. కొట్టు నడిపే ఆవిడ బావ తెచ్చిన పెట్టె తెరిచి, భూతద్దం పెట్టుకుని ఒక్కో గుత్తినీ తిప్పి చూసింది. తర్వాత, ఇంత చెయ్యి ఉన్నవాడికి గదులు అమర్చడం ఒక లెక్కా, నూరేళ్ళ కిందటి ముందుగది ఒకటి చేసిపెట్టమంది. బావ లైబ్రరీకి పోయి పాత ఫర్నిచరు పుస్తకాలు తిరగేశాడు. నా దగ్గర పుస్తకాల అట్టల లోపల అంటించే పూలపూల కాగితం ఉంటే అది గోడలకి అంటించాడు. పాత వెల్వెట్ రిబ్బను తివాచీ అయింది, ఐస్‌క్రీం పుల్లలు గోడ కింద చెక్కపని అయ్యాయి. సోఫా కాళ్ళు అగ్గిపుల్లలతో తీర్చి, వాటికి వార్నిషు నాలుగు పూతలు పూశాడు.

మీరేం చేస్తుంటారని కొట్టావిడ అడిగితే, ఆసుపత్రిలో అన్నాడట. ఆవిడే మిగతాది పూరించింది. ఆపరేషన్ థియేటరులోనా, ఆ చేతులు చూస్తేనే తెలుస్తోంది అంది. బావ తల ఊపాడు. ఊపినందుకు ఆ రాత్రి అన్నం సయించలేదని అక్క చెప్పింది. కానీ వారం తిరక్కుండా ఆవిడ గదికి చీటీ అంటించింది: ఆపరేషన్ థియేటరు నిపుణుడి చేతిపని అని. అబద్ధం అచ్చులో పడ్డాక దాన్ని దింపడం కష్టం.

ఆ చీటీ చూసే వచ్చింది అద్దాలావిడ. ఆవిడ ఇంట్లో ఎటు చూసినా అద్దాల బీరువాలే, అందుకే మేం ఆ పేరు పెట్టుకున్నాం. ఆవిడకి ఏడు గదుల బొమ్మరిల్లు కావాలి, నూరేళ్ళ కిందటి కలవారి ఇల్లు, గదిగదికీ వేరే పూలు. బావ పద్నాలుగు నెలలు చేశాడు. నలభై ఆరు పూలగుత్తులు. ఒక దాంట్లో ఉన్న పువ్వు ఇంకో దాంట్లో లేదు.

అమర్చే రోజున గోడకాగితాలు మోసుకుంటూ నేనూ వెళ్ళాను. ఆవిడ పల్చటి కప్పుల్లో టీ ఇచ్చింది. బావ భోజనాల గదిలో బల్ల మీద కుండీ పెట్టి, దాని పక్కనే ట్వీజర్‌తో ఒక్క రేకు రాల్చాడు, నిజంగా రాలినట్టు. అది చూసి నాకు ఒళ్ళు పులకరించింది. ఆవిడ వంగి చూసి, అది తీసెయ్యండి, నా ఇంట్లో చెత్త ఉండదు అంది. బావ తీసేశాడు. తర్వాత ఆవిడ బావ వేళ్ళు తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఈ చేతులకి దండం పెట్టాలండీ అంది. బావ సిగ్గుపడ్డాడో భయపడ్డాడో గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆరు నెలలు గడిచాయి. ఒక పొద్దున కారు ప్రమాదంలో పోయిన ఒకామెని శవాల గదికి తెచ్చారు. మొహం ఒక పక్క అసలు లేదట. ఇంటివాళ్ళు చూడకపోవడమే మంచిదని డాక్టరు అన్నాడు. బావ మాత్రం, ఫోటో ఒకటి తెప్పించండి, పాపిడి ఏ పక్క తీస్తుందో తెలియాలి అన్నాడు. ఫోటో వచ్చింది. మూడు గంటలు తలుపు వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇంటివాళ్ళని పిలిచారు. తలుపు తోసుకుని ముందుగా వచ్చింది అద్దాలావిడ. పోయినామె ఆవిడ సొంత చెల్లెలు.

ఆవిడ ముందు చెల్లెల్ని చూసింది. ఆ తర్వాత, రబ్బరు బూట్లతో గోడ పక్కన నిలబడ్డ మా బావని చూసింది. గుర్తుపట్టింది. ఆవిడ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, నిద్రపోతున్నట్టే ఉంది, దాన్ని మళ్ళీ మాకిచ్చారు అని ఏడ్చింది. మర్నాడు మా ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తూ బావ చాలా ఏళ్ళ తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అబద్ధం దానంతటదే దిగిపోయింది, ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది అన్నాడు. మా అక్క కళ్ళు తుడుచుకుంది.

ఆ మంచితనం మూడు వారాలు నిలిచింది.

ఆదివారం పొద్దున్న నేను అక్కావాళ్ళింట్లో ఉన్నాను. కారు ఆగింది. అద్దాలావిడ డ్రైవరు దిగి, ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకొచ్చాడు. చచ్చిన ఎలుకని తోకతో పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో, చెయ్యి బాగా చాపి పట్టుకున్నాడు. సంచి మీద ఇంకో సంచి తొడిగి మూతి ముడేశారు. లోపల నలభై ఆరు గుత్తులూ కుప్పగా ఉన్నాయి. రాగి కాడలు మెలితిరిగాయి, కుండీలు చితికాయి. ఏదో చీపురుతో ఊడ్చి ఎత్తినట్టున్నారు, మధ్యలో దుమ్ము ఉండలు కూడా ఉన్నాయి. డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదని అమ్మగారు చెప్పమన్నారని డ్రైవరు అన్నాడు. తర్వాత నసిగాడు.

"అమ్మగారు ఒక మాట అడగమన్నారండీ. ఆ ట్వీజరూ ఈ ట్వీజరూ ఒకటేనా అని."

బావ లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టె తెచ్చి తెరిచి చూపించాడు.

"ఇది ఇంటిది. అక్కడి సామాను అక్కడే ఉంటుంది. ఇది ఆవిడకి చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు. వాళ్ళ చెల్లెల్ని బాగుచేసింది ట్వీజర్ కాదు, ఈ చేతులు."

డ్రైవరు సరేనని తల ఊపి, సంచి పట్టుకున్న వేళ్ళని ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మాట అక్కడిదాకా చేరలేదని నాకు గట్టి నమ్మకం. మా అక్క గుమ్మంలో నిలబడి, ఏరు దాటాక తెప్ప తగలేసే రకం, వాళ్ళ చెల్లెలి మొహానికి పనికొచ్చిన చేతులు వాళ్ళ బీరువాకి పనికిరాకుండా పోయాయా అని వీధంతా వినేలా అంది.

నాకు అద్దాలావిడ మీద ఎంత అసహ్యం వేసిందో నా మీదా అంతే వేసింది. ఆవిడ పద్నాలుగు నెలల పనిని సంచిలో కట్టింది, నేను నారింజ తొనల్ని కాలవలో వేశాను. తేడా ఎక్కడుంది? ఆ రోజు బావకి చెప్పేశాను, ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత.

"తెలుసు," అన్నాడు. "కాలవ పక్కనే కదా బస్సు స్టాపు. మంచి పండురా అది." అని సంచి ముడి విప్పుకుంటూ కూర్చున్నాడు.

రెండ్రోజులకి కొట్టావిడ పిలిపిస్తే బావ వెంట నేనూ వెళ్ళాను. సంగతంతా అద్దాలావిడ ఫోన్ చేసి చెప్పిందట. తనకి వ్యక్తిగతంగా ఎలాంటి పట్టింపూ లేదని కొట్టావిడ మూడుసార్లు చెప్పింది. చెప్తూనే బల్ల మీద పాత న్యూస్‌పేపరు పరిచి, దాని మీద పెట్టండి అంది, ఇన్నేళ్ళూ ఒట్టి బల్ల మీదే పెట్టించుకున్న పూల ట్రేని. ఆవిడ దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇకనుంచి ఇవన్నీ వాళ్ళ పెద్దమ్మ చేస్తోందని చీటీ వేస్తుంది. బావ గ్లౌజులు తొడుక్కుని చేస్తే చాలు, అప్పుడు ఎవరైనా గుచ్చి అడిగినా ఆ చేతులు వీటిని తాకలేదని తాను ఒట్టేసి చెప్పగలదు. ఎవరి మీద ఒట్టేస్తారు, మీ పెద్దమ్మ మీదా అని నేను అడిగాను. బావ నా మోచెయ్యి నొక్కాడు. గాజు అరలో ఉన్న తన గదులు నాలుగూ తీయించుకుని, అట్టపెట్టెలో సర్దుకుని బయటికొచ్చాడు.

బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొట్టావిడ్ని అనడానికి తనకి నోరెక్కడిదన్నాడు. థియేటరా అని ఆవిడ అడిగినప్పుడు తల ఊపింది తనేగా. నిమ్మతొక్కతో తోమింది పువ్వుల కోసం కాదు, వాళ్ళ ముక్కుల కోసం. తన చేతుల్ని చూసి ముందు రోతపడ్డవాడు తనే, వాళ్ళు తర్వాత పడ్డారు. ఇదీ ఆయన లెక్క. ఆ లెక్క నాకు నచ్చలేదు.

నాలుగు నెలలు ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. ఒకసారి అక్క తనే బ్రెడ్డు పిసికి పెట్టింది. ఆయన దగ్గరికి వెళ్ళి, పులిసిన వాసన వస్తోందని వెనక్కి వచ్చేశాడు. అక్కకి ఏ వాసనా రాలేదు. అయినా పారేసింది.

ఆ ఏడాది చివర్లో చేతిపనులవాళ్ళ ప్రదర్శన ఒకటి పెట్టారు, రెండు రోజులు, పెద్ద హాల్లో. బావ నా షాపుకొచ్చి, ఒక బల్ల అద్దెకి తీసుకున్నాను, ఒక బోర్డు రాసిపెట్టు అన్నాడు. ఏమని రాయాలో కాగితం మీద రాసుకొచ్చాడు: "ఈ పూలు, ఈ గదులు చేసినవాడు ముప్పై ఏళ్ళుగా శవాల గదిలో పనిచేస్తున్నాడు." నేను వద్దన్నాను. అక్క కూడా వద్దంది. అది లేకపోతే బల్ల కూడా లేదన్నాడు. బంగారు రంగు అక్షరాలు వేసిచ్చాను, మంచి పుస్తకానికి వేసినట్టు.

మొదటి రోజు నేనూ పక్కన కూర్చున్నాను. జనం వచ్చేవాళ్ళు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, అబ్బ, చామంతి చూడు, దీపం చూడు అనుకునేవాళ్ళు. వేలు చాపేవాళ్ళు. అప్పుడు కళ్ళు బోర్డు మీద పడేవి. చాపిన వేలు సలసలా కాగే గిన్నె తగిలినట్టు వెనక్కి పోయేది. ఒకావిడ చంకలో సంచి తెరిచి చేతులకి మందు రాసుకుంది, ఆవిడ ఏదీ ముట్టుకోనే లేదు. ఒకాయన గుత్తి కొనుక్కుని, హాలు చివరిదాకా వెళ్ళి, భార్య ఏదో అనేసరికి తిరిగొచ్చి, దూరంనుంచే బల్ల మీదికి జార్చి వెళ్ళిపోయాడు. ఎంతమంది ఆ ట్వీజర్ ప్రశ్న అడిగారో నేను లెక్కపెట్టడం మానేశాను. నవ్వుతూ అడిగినవాళ్ళు, గుసగుసగా అడిగినవాళ్ళు, డాక్టర్లమని చెప్పుకుని అడిగినవాళ్ళు. బావ అందరికీ ఒకే మాట చెప్పాడు. సాయంత్రానికి ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడని కాఠిన్యం వచ్చింది. వీళ్ళందరూ ఏదో ఒక రోజు ఏదో ఒక గదిలో బల్ల మీద పడుకునేవాళ్ళే కదరా, వాళ్ళంటే నాకు రోత లేదే అన్నాడు.

రెండో రోజు ఇదంతా పూర్తిగా తిరగబడింది. ఎవరో బోర్డుని ఫోటో తీసి ఊరంతా పంపారు. పొద్దున్నే మా బల్ల ముందు గుంపు చేరింది. శవాల పూలు ఇవేనా అని అడుగుతూ వచ్చారు. పువ్వుల వంక ఎవరూ చూడలేదు. బావ పక్కన నిలబడి ఫోటోలు దిగారు, నాలుక బయటపెట్టి చచ్చినట్టు నటించి దిగారు. ఎవరెవర్ని కోశావు, పేరున్నవాళ్ళు ఎవరైనా వచ్చారా అన్నారు. మొదటి రోజు వెనక్కి పోయిన వేళ్ళే నయమనిపించింది. వాళ్ళు ముక్కు మూసుకున్నారు, వీళ్ళు లొట్టలేస్తున్నారు.

మధ్యాహ్నం ఇస్త్రీ చెదరని చొక్కాతో ఒకాయన వచ్చాడు. అందర్నీ పక్కకి జరిపి, తాను హోటల్ యజమానినని, తన గదిలో పెట్టుకోవడానికి ఒక ప్రత్యేకమైన వస్తువు కావాలని అన్నాడు. శవాల గది బొమ్మ. బల్ల, దీపం, కోసి తెరిచిన శరీరం. రక్తం బాగా ఉండాలి. ఎంతడిగితే అంత ఇస్తానన్నాడు. బావ కుదరదన్నాడు. ఆయన వదల్లేదు. వంగి, గొంతు తగ్గించి, నేను పక్కనే ఉన్నా వినపడేలా అన్నాడు:

"వయసులో ఉన్న ఆడమనిషిది చెయ్యండి. మీరు నిజంగా చూసిన మనిషిని ఒకర్ని తలుచుకుని చెయ్యండి. మీకు గుర్తుండే ఉంటారుగా."

బావ లేచాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా హాలు వెనక్కి నడిచాడు. నేను వెంట పరిగెత్తాను. మరుగుదొడ్డిలో గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు, పచ్చటి నీళ్ళు వచ్చేదాకా. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో, కాలవలో వారం నానిన శరీరాల్ని కుట్టిన మనిషి, ఒక్కసారి కూడా కక్కలేదు. మొహం కడుక్కుని, ఆ ఇస్త్రీ చొక్కా వాసనరా, అన్నాడు.

మేం తిరిగొచ్చేసరికి హోటలాయన లేడు. గుంపు పల్చబడింది. బావ స్టూలు మీద సోడాబుడ్డి కళ్ళద్దాల ముసలావిడ ఒకతి కూర్చుని, చేతిలో చిన్న టార్చి పట్టుకుని, ఒక గదిలోకి తల దూర్చినంత పని చేస్తోంది. మేం వచ్చామని కూడా తల ఎత్తలేదు.

"ఈ గది ఏ కాలానిది బాబూ?" అంది.

నూరేళ్ళ కిందటిదని బావ చెప్పాడు.

"అప్పటికి ఊళ్ళలో పూలని ఐసు పెట్టి దాచే గదులు లేవు. మరి తులిప్పూ చామంతీ ఒకే కుండీలోకి ఎలా వచ్చాయి? ఒకటి చలి తగ్గాక పూస్తుంది, ఒకటి చలి మొదలయ్యే ముందు. తప్పు కదూ?"

బావ కూడా వంగి ఆ కుండీని చూశాడు. ఆ రెండు రోజుల్లో పని గురించి ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అదే.

"తప్పేనండీ. నేను చూసే చోటికి అన్ని కాలాల పూలూ ఒకేసారి వస్తాయి," అన్నాడు.

ఆవిడ అప్పుడు బోర్డు చదివింది. ఓహో, అంది. చదివి, సోఫా వార్నిషు కూడా కొంచెం మెరుపెక్కువైంది అంది. ఆవిడ్ని మేం తర్వాత పళ్ళావిడ అని పిలవడం మొదలుపెట్టాం. అమ్ముకునే పళ్ళు కాదు, నమిలే పళ్ళు. నలభై ఏళ్ళు కట్టుడుపళ్ళు చేసిందట. మైనం, సున్నం, సన్నటి ఆకురాయి, అన్నీ బావ సామాను లాంటివే. జనం నోట్లోంచి తీసి కడక్కుండా అరచేతిలో పెట్టేవాళ్ళని, నిన్న తిన్నదేమిటో చూసి చెప్పగలిగేదాన్నని, అదే జనం వీధిలో కనపడితే నమస్కారం కూడా పెట్టేవాళ్ళు కాదని తాపీగా చెప్పింది. ఎవరో టీ తెస్తే బావ కప్పు పట్టుకుని ఆవిడకి అందించాడు. ఆవిడ తాగుతూనే మాట్లాడింది. నేను ఆ కప్పువంకే చూస్తూ కూర్చున్నాను.

ఏ పువ్వు ఎప్పుడు పూస్తుందో తెలియకుండా పాతకాలపు గది అమర్చకూడదని ఆవిడ పట్టుబట్టి, తర్వాతి నెలలో బావని ఊరిచివర పూలతోటకి లాక్కెళ్ళింది. జేబురుమాలు మూతికి కట్టుకుని వెళ్ళాడు. పావుగంట ఉన్నాడు. మొక్క మీద ఉంటే పర్వాలేదు, తెంపితేనే నాకు పడదు అని వచ్చి అక్కకి చెప్పాడు. అంతకంటే ముందుకి ఇప్పటిదాకా పోలేదు. రెండేళ్ళయింది, ఉద్యోగం కూడా విరమించాడు, నిమ్మతొక్క మానేశాడు.

ఇప్పుడు ఇద్దరూ కలిసి గదులు చేస్తారు. మొదట చేసింది పాతకాలపు ముసలివాళ్ళ పడకగది. నలిగిన దుప్పటి, మందు సీసాలు, మంచం కింద ఉమ్మే గిన్నె, గాజు గ్లాసులో నీళ్ళలో మునిగిన కట్టుడుపళ్ళు. ఒక్కో పన్ను గసగసమంత. కిటికీ దగ్గర కుండీలో, ఆ కాలానికి తగ్గట్టే చామంతులు మాత్రమే. పోటీకి పంపితే పని గొప్పగా ఉంది గానీ చూడ్డానికి వెగటుగా ఉందని న్యాయనిర్ణేత రాసి పంపాడు. పళ్ళావిడ ఆ కాగితానికి నా చేత అట్ట కట్టించుకుంది. ఆ గది నా షాపు అద్దాల కిటికీలో ఉంది. పుస్తకాలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఛీ అంటారు, మళ్ళీ వంగి చూస్తారు.

ప్రస్తుతం వంటగది నడుస్తోంది. మసిపట్టిన పొయ్యి, జిడ్డు గుడ్డ, తొట్టిలో కడగని గిన్నెలు అయ్యాయి. పోయిన వారం పళ్ళావిడ, ఈ వంటగదిలో బొద్దింక లేకపోతే అబద్ధమవుతుంది అంది. బావ ఒప్పుకుని పిండితో ఒకటి చేశాడు, మీసాలకి నా బైండింగు దారం పోగు వాడాడు. మా అక్క చూసి, ఇరవై ఏళ్ళు బ్రెడ్డు అంచులు తిన్నాను, శవాల గదికి అలవాటు పడ్డాను, పళ్ళు కూడా సరే, నా ఇంట్లో బొమ్మ బొద్దింకకి మాత్రం చోటు లేదు, అదో నేనో తేల్చుకోండి అంది. ఇద్దరూ తలలు వంచుకుని, సరేలెమ్మని దాన్ని పెట్టెలో వేశారు.

నిన్న చూస్తే అది తొట్టి కింద గొట్టం వెనక అంటించి ఉంది. టార్చి వేసి పక్కనుంచి చూస్తే తప్ప కనపడదు. అక్కకి ఇంకా తెలీదు.